ఇరవై ఎనిమిది మాటలు ఎక్కువ

"మూడు వందల ఇరవై ఎనిమిది," అంది అమ్మాయి కంప్యూటర్ తెర చూపించి. "ఇరవై ఎనిమిది ఎక్కువ పిన్నీ."

పిన్ని ముఖం మాడిపోయింది. ముప్పై ఏళ్ళు ఆఫీసులో టైపు కొట్టి రిటైరైన మనిషి. వారపత్రిక వాళ్ళు "నేనూ, నా పనీ" అంటూ మూడు వందల మాటల్లో రాయమన్నారు. కిందటిసారి పన్నెండు మాటలు ఎక్కువయ్యాయని చదవకుండానే పక్కన పడేశారు. ఈసారి గడువు ఇవాళ సాయంత్రం ఐదింటికి. అప్పుడే నాలుగున్నర దాటింది.

"వేళ్ళు మడిచి రెండుసార్లు లెక్కపెట్టానే! సరిగ్గా మూడొందలు."

"వేళ్ళు పొరబడతాయి, ప్రోగ్రాం పొరబడదు," అంది అమ్మాయి. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఇంతా చేసి, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో తను రాసిన ఆ ప్రోగ్రాం రెండంటే రెండే వరుసలు. ఖాళీ కనిపించిన చోటల్లా తెంచు, ముక్కలు లెక్కపెట్టు. ఆ మాత్రం దానికి ఎంత బడాయో!

"అటు తిరుగు," అని గదమాయించి, పిన్ని చివరి రెండు వాక్యాలు తీసేసింది. మళ్ళీ నడిపిస్తే సరిగ్గా మూడు వందలు. లెక్క కుదిరింది గానీ, పిన్ని కళ్ళద్దాలు తీసి, శుభ్రంగా ఉన్నవాటినే తుడుస్తూ కూర్చుంది. అమ్మాయికి మనసు చివుక్కుమంది.

"పంపనా?"

"ఆగు. ముందు నీ మేధావికి ఓ పరీక్ష." పిన్ని టకటకా కొట్టింది: నువ్వు తిన్నావు. నేను తినలేదు.

తెర మీద ఐదు అని పడింది.

"ఉన్నవి నాలుగే కదే! ఐదోది ఎక్కడిది? నువ్వు పెట్టావా?"

అమ్మాయి తెరకి ముక్కు ఆనించినంత పని చేసింది. చుక్క తర్వాత రెండు ఖాళీలు!

"ఇదేంటి పిన్నీ, చుక్క పెట్టాక రెండుసార్లు నొక్కుతావా?"

"నొక్కనూ మరి? ఒక్కసారే నొక్కితే మా పెద్ద గుమాస్తా కాగితం మొత్తం మళ్ళీ కొట్టించేవాడు."

ఆ రెండు ఖాళీల నడుమ ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని కూడా ప్రోగ్రాం ఒక మాట కిందే లెక్కేసింది. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి.

"పోనీలే," అంది పిన్ని. "మీ బాబాయి మౌనాన్ని నేనూ ముప్పై ఏళ్ళుగా మాట కిందే లెక్కేస్తున్నాను."

ఖాళీ ముక్కల్ని వదిలెయ్యమని అమ్మాయి ప్రోగ్రాంకి చెప్పింది. తీసేసిన వాక్యాల్ని వెనక్కి తెప్పించింది. మూడు వందలు, ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. పంపబోతూ ఉంటే కళ్ళు ఊరుకుంటాయా, ఆ రెండు వాక్యాల మీదే పడ్డాయి.

"మా అక్క కూతురు కూడా మీటలు నొక్కే బతుకుతోంది. నాకంటే బాగా నొక్కుతుంది, దాన్ని చూస్తే నాకు ఎంతో గర్వంగా ఉంటుంది గానీ, ఆ మాట ఎదురుగా చెబితే నెత్తికెక్కుతుందని నేను ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు."

అమ్మాయికి అక్షరాలు అలుక్కుపోయాయి.

"పిన్నీ..."

"నిన్ను లెక్కపెట్టమన్నాను గానీ చదవమన్నానా?" పిన్ని కళ్ళద్దాలు పెట్టుకుంది. "పంపు, ఐదవుతోంది."