61 చూపించిన నేరం

నేను ఒక ట్రైనర్ కిట్టుని. ఒక పచ్చ పలక, నాలుగు వరసల మీటలు, ఎర్రగా వెలిగే ఆరు అంకెలు, అంతే నా ఆస్తి. కంప్యూటర్ లోపల లెక్క ఎలా నడుస్తుందో పిల్లలకు చూపించడానికి నన్ను పుట్టించారట. నరసరావుపేట దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు నన్ను తెచ్చి, బొట్టు పెట్టి, గుడ్డ కప్పి, బీరువాలో పడేసి తాళం వేశారు. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతానని లెక్చరర్ పానకాలరావు గారి బెంగ. తనిఖీ వాళ్ళు వచ్చిన రోజు మాత్రం తుడిచి బల్లమీద కూర్చోబెట్టేవారు.

మరి ప్రయోగాలెలా చేస్తారంటారా? రికార్డు పుస్తకాల్లో చేస్తారు! పై ఏడాది వాళ్ళ రికార్డు చూసి కింది ఏడాది వాళ్ళు దించేస్తారు. మొదటి ప్రయోగం 28, 39 కూడటం. ఏ మహానుభావుడో మొదట్లో నన్ను అడక్కుండా వేళ్ళమీద కూడి 67 అని రాశాడు. నాది పదుల లెక్క కాదు మహాప్రభో, పదహార్ల లెక్క; పదహారు నిండితేనే పక్క అంకెకి ఒకటి చేరుతుంది. నా దగ్గర వచ్చేది 61. పన్నెండేళ్ళుగా ప్రతి రికార్డులో 67, దాని కింద పానకాలరావు గారి సంతకం.

ఆ ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో తిరుపతమ్మ అనే పిల్లకి ఆ లెక్కే వచ్చింది. జ్వరంతో అప్పటికే రెండు పరీక్షలు పోగొట్టుకుంది. ఇదీ తప్పితే మూడో ఏడాదిలోకి రానివ్వరు. అయినా కిట్టు మీదే చేస్తానంది. పానకాలరావు గారు సణుక్కుంటూ తాళం తీశారు. నాకెంత సంబరమో! ఆ పిల్ల నిదానంగా మీటలు నొక్కింది. 61 చూపించాను.

ఆయన రికార్డు చూశారు, నన్ను చూశారు, మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ 61.

"ఇది పదహార్ల లెక్క కదా సార్. అరవై ఏడు రాదు సార్," అంది తిరుపతమ్మ.

"పన్నెండేళ్ళ నుంచి అందరికీ వస్తంటే నీకొక్కదానికే రాలేదేందమ్మా? కిట్టు పోయినట్టుంది. అరవై ఏడని రాసిచ్చెయ్."

రాయనంది. ఆయన ఫెయిలు చేశారు. నాకు 'పనిచేయదు' అని చీటీ అంటించి బీరువా పైకెక్కించారు. ఆ పిల్ల స్నేహితురాళ్ళంతా మూడో ఏడాదిలోకి వెళ్ళిపోయారు.

ఏడాదికి మళ్ళీ పరీక్ష, మళ్ళీ అదే లెక్క. అరుద్దామంటే నాకు నోరు లేదు. తిరుపతమ్మ ఈసారి కిట్టు అడగలేదు. తలొంచుకుని 67 రాసిచ్చింది. పానకాలరావు గారు పూర్తి మార్కులు వేశారు.

"చూశావా," అన్నారాయన మురిపెంగా, "చదివితే వచ్చింది."