తవుడికి కొన్న పిల్ల మీద సుంకం

మంగళవారం పొద్దున్న పదిన్నరకి కార్ఖానాలో పనిలో ఉన్న తవిటమ్మ చేతికి ఒక నోటీసు అందుతుంది. సుంకాల నిర్ణయ మండలి ఆమెను దిగుమతి సరుకుగా నమోదు చేసిందని అందులో ఉంటుంది. సరుకు పేరు ఆడమనిషి. బదులుగా ఇచ్చినది దోసెడు తవుడు. కళ్లజోడు లేదు, ఎవరైనా చదివి పెట్టండి అని ఆమె అడిగేలోపే మండలి కూడా వచ్చేస్తుంది.

మండలి వచ్చిందంటే నలుగురు మనుషులు జీపులో దిగుతారనుకుంటాం కదా. అబ్బే, భవనమే వస్తుంది. మూడంతస్తులు, రెండు లిఫ్టులు, పైన జెండా, కింద సైకిలు స్టాండు. పలాస రైలు గేటు దగ్గర గేటు ఎత్తేదాకా మర్యాదగా ఆగి, ఆ తర్వాత జీడిపప్పు కార్ఖానా ఆవరణలోకి నడిచి, జీడిపిక్కలు ఆరబోసిన చోటే చతికిలబడుతుంది. దాని కింద ఒక్క పిక్క కూడా నలగదు. షెడ్డులో పప్పు పొట్టు తీస్తున్న నలభై మంది ఆడవాళ్లూ తలెత్తి చూసి మళ్లీ పనిలో పడతారు. పప్పు ముక్కలైతే మేస్త్రీ ఊరుకోడు మరి.

తవిటమ్మ మాత్రం పని వదిలేసి లేస్తుంది. ఆ తవుడు సంగతి నిజమే.

ఆ వైపు ఊళ్లలో పుట్టిన పిల్లలు దక్కకుండా పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డని తల్లి తనదని చెప్పుకోదు. చేటలో పెట్టి పొరుగింటావిడ చేతికిచ్చేస్తుంది. ఆవిడ కాసేపు తన బిడ్డలాగే ఎత్తుకుని, మళ్లీ ఆ తల్లికే అమ్ముతుంది. తవుడికి అమ్మితే తవిటమ్మ, తవిటయ్య. నూకలకి అమ్మితే నూకరాజు. పెంట మీద దొర్లించి తెచ్చుకుంటే పెంటయ్య. ఇంత చవక బిడ్డ మీద పైవాడికి కన్ను పడదని ఆశ. తవిటమ్మ కంటే ముందు వాళ్లమ్మకి ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. అందుకని ఈమెను పక్కింటి పైడమ్మ దగ్గర దోసెడు తవుడిచ్చి తీసుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. వాళ్లమ్మ అప్పలనర్సమ్మ నలభై తొమ్మిదేళ్లుగా ఎవరడిగినా అదే పాట పాడుతోంది. బళ్లో పేరు రాయించేటప్పుడు అదే మాట. పెళ్లిపీటల దగ్గర అదే మాట. "ఇది నా కూతురు కాదు, తవుడికి కొనుక్కున్నాను." అందరూ నవ్వుతారు, తవిటమ్మా నవ్వుతుంది. నవ్విన ప్రతిసారీ లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. తల్లి నోట ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "నా కూతురు" అనే మాట వినాలని తవిటమ్మ ఇంకా ఎదురు చూస్తూనే ఉంది.

భవనం గుమ్మంలో కార్యదర్శి నిలబడి ఉంటాడు. చొక్కాకి ఇస్త్రీ చేసి, చెవులకి కూడా ఇస్త్రీ చేసినట్టుంటాడు. మండలి అధికారాలు చదివి వినిపిస్తాడు. ఏ వస్తువు ఏమిటో తేల్చేది మండలి. అది ఎక్కడిదో తేల్చేదీ మండలే. బయటి సరుకు చవగ్గా వచ్చిపడి ఇక్కడివాళ్లకి దెబ్బ తగిలితే, ఆ దెబ్బకి సరిపడా సుంకం వేస్తుంది, లేదంటే సరుకుని వచ్చిన చోటికి తిప్పి పంపుతుంది. తాళాలు తీయించగలదు, ప్రమాణం చేయించగలదు, చనిపోయినవాళ్లకి సమన్లు ఇవ్వగలదు. ఆ చివరి ముక్క చదివేటప్పుడు కూడా ఆయన గొంతు మారదు.

"తిప్పి పంపడమంటే ఏటి బాబూ?" అని అడుగుతుంది తవిటమ్మ.

"పైడమ్మగారి వాకిట్లో దింపుతామమ్మా."

"పైడమ్మ పోయి ముప్పయ్యేళ్లయింది. ఆ ఇల్లూ లేదు, వాకిలీ లేదు."

"ఇప్పటి వాకిలి కాదు, ఆ రోజు వాకిలి. ఈ నలభై తొమ్మిదేళ్లూ జరగలేదని రాసుకుంటాం."

తవిటమ్మ ఒక అడుగు ముందుకేస్తుంది. "మరి నా కొడుకో?"

"సరుకు రాకపోతే సరుకులోంచి వచ్చినదీ రానట్టే కదమ్మా," అంటాడాయన, ఎంతో ఓపిగ్గా. "భయపడుతున్నారా?"

"భయమేటి, నాకేటి భయం," అంటుంది. అనగానే వరండా రెండు గజాలు పొడుగవుతుంది. ఈ భవనంలో అబద్ధమాడితే అంతే, నడక పెరుగుతుంది. ఆ పూట తవిటమ్మ మరో రెండు సార్లు ధైర్యం నటిస్తుంది. హాలు చేరేసరికి చెప్పులు అరిగిపోతాయి.

హాలు మధ్యలో పెద్ద బల్ల, దాని వెనక అధ్యక్షురాలు. సన్న ఫ్రేము కళ్లజోడు, తలలో కనకాంబరాలు, ముందు ఒక త్రాసు. కుడిపక్క పిటిషనుదార్ల కుర్చీల్లో ఇద్దరు పసిపిల్లలు కూర్చుని ఉంటారు. ఒకడి వయసు పంతొమ్మిది రోజులు. రెండోవాడికి మూడు నెలలు, మెడ ఇంకా నిలవదు, అందుకని తలని అరచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరూ శుభ్రంగా పౌడరు రాసుకుని, బుగ్గన దిష్టిచుక్కలు పెట్టుకుని వచ్చారు.

వాళ్లెవరో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫోటో కూడా లేని అన్నలు వాళ్లు. పెద్దాడి గడ్డం అచ్చు తన గడ్డమే. రెండోవాడు తుమ్మితే తన తుమ్ములాగే మూడుసార్లు వస్తుంది. వరసకి అన్నలు కదా అని, తవిటమ్మ రెండు చేతులూ జోడించి దణ్ణం పెడుతుంది.

"కూర్చో చెల్లీ," అంటాడు పంతొమ్మిది రోజులవాడు. "నీ మీద మాకు కోపం లేదు. కేసు మాత్రం ఉంది."

అధ్యక్షురాలు తల ఊపుతుంది. వాడు కాగితం చూడకుండా చెబుతాడు. తామిద్దరూ స్వదేశీ సరుకు. తొమ్మిదేసి నెలలు ఒకే కడుపులో, పూర్తిగా ఇక్కడే తయారయ్యారు. వాళ్లకి రావలసిన పాలు, ఒడి, జోల, నూనె అంటడం, అన్నప్రాశన, బడి, జ్వరమొచ్చినప్పుడు నుదుటి మీద చెయ్యి, ఇవన్నీ దోసెడు తవుడికి వచ్చిన మనిషి పట్టుకుపోయింది. తాము పోయాకే ఆమె వచ్చిందన్నది నిజమే. అయినా ఆమె వచ్చాక అమ్మ తమని తలుచుకోవడం తగ్గింది. తలుచుకుంటేనే వాళ్లు ఎదుగుతారు. ఆమె రాకముందు రోజుకో చిటికెడు ఎదిగేవారు. ఆమె వచ్చిన రోజు నుంచి ఎదుగుదల ఆగిపోయింది.

"నాకు మెడ నిలబడే టైము వచ్చింది," అంటాడు మూడు నెలలవాడు. "ఇంకో వారం తలుచుకునుంటే నిలబడేది."

తవిటమ్మ కళ్ల వెంట నీళ్లు కారిపోతాయి. ఆ గుంటడి మెడ కింద చెయ్యి వేసి పట్టుకోవాలనిపిస్తుంది. ప్రతివాదులు పిటిషనుదార్లని ముట్టుకోకూడదని గోడ మీద బోర్డు ఉంది.

ఇంతలో అప్పలనర్సమ్మని తీసుకొస్తారు. డెబ్బై ఆరేళ్లు, నడుం వంగిపోయింది, చూపు తక్కువ. ఆటో దిగి వరండా పొడుగునా కర్ర ఊనుకుంటూ రావలసిందే. అయితే ఆమె ఒక్క అబద్ధమూ ఆడకుండా, "మోకాలు నొప్పి, మోకాలు నొప్పి" అని ఉన్నమాటే అనుకుంటూ రావడం వల్ల మూడంగల్లో హాల్లోకి వచ్చేస్తుంది. ప్రమాణం చేయిస్తారు.

"ఈమె ఎక్కడిది?" అని అధ్యక్షురాలు తవిటమ్మని చూపిస్తుంది.

అప్పలనర్సమ్మ ఆలోచించను కూడా ఆలోచించదు. నలభై తొమ్మిదేళ్ల అలవాటు. "నాది కాదు తల్లీ. తవుడికి కొనుక్కున్నాను."

కార్యదర్శి రాసుకుంటాడు. కలం కాగితం మీద కదిలినకొద్దీ తవిటమ్మ కాలివేళ్లు కనపడకుండా పోతాయి. ముందు చిటికెనవేలు, తర్వాత దాని పక్కది. నొప్పి ఉండదు. కొడుకు పుట్టిన రోజు ఏ వారమో గుర్తు తెచ్చుకుందామంటే రాదు. ఆమె నిర్ఘాంతపోయి తల్లి వైపు తిరుగుతుంది.

"అమ్మా! ఏటి సెప్పీసినావు? నన్ను తిప్పి పంపీస్తారు. నేను పుట్టనట్టే రాసీసుకుంటారు. ఇక్కడైనా సెప్పవేటి?"

"ఊరుకోయే," అని ముసలామె గొంతు తగ్గిస్తుంది. "నీకేటి తెలుసు. పైనున్నోడు ఇనీస్తాడు."

"ఇననీ! ఎన్నాళ్లు దాస్తావమ్మా నన్ను? ఒక్కసారి నీ కూతుర్నని అను. ఒక్కసారి ఇని పోతాను. పోతే పోతాను!"

చిన్నవాడి చేతిలోంచి తల జారుతుంది. ఆ కదలికకి అప్పలనర్సమ్మ అటు తిరిగి, ఆనని కళ్లతోనే వాళ్లిద్దర్నీ పోల్చుకుంటుంది. కర్ర వదిలేసి బల్ల పట్టుకుంటుంది. బోర్డు సంగతి ఆమెకెవరూ చెప్పలేదు కాబట్టి తిన్నగా వెళ్లి చిన్నాడి మెడ కింద చెయ్యి పెడుతుంది.

"ఓలమ్మ! నా నాయినలే. మిమ్మల్ని మరిసిపోనేదురా. మీరు పుట్టినప్పుడు ఈదంతా తిరిగి సెప్పుకున్నాను, నా కొడుకులు, నా కొడుకులు అని. నోరారా అనుకున్నాను. అందుకే ఉంచనేదు ఆడు. నా నోరే మిమ్మల్ని తినీసింది. అందుకే దీన్ని నాదనలేదు. అనాలని నాలిక మీదకొచ్చినప్పుడల్లా ఉప్పుకల్లు ఏసుకుని నోరు మూసుకున్నాను."

తవిటమ్మకి నిలువునా కొట్టినట్టవుతుంది. తల్లి కొంగున ఎప్పుడూ ఉప్పుకల్లు ఎందుకుంటాయో ఇన్నేళ్లూ ఆమె అడగలేదు. ఛీ, ఎంత మొద్దుని అనుకుంటుంది.

పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "పిటిషను ఉపసంహరించుకుంటున్నాం," అంటాడు పెద్దాడు.

"ఉపసంహరించుకోవచ్చు," అంటుంది అధ్యక్షురాలు. "కానీ మండలి తనంతట తాను విచారణ కొనసాగించవచ్చు. కొనసాగిస్తోంది. అమ్మా, ఆఖరుసారి అడుగుతున్నాను. ఈమె ఎక్కడిది?"

తవిటమ్మ మోకాళ్లదాకా లేదు. అయినా నిలబడే ఉంది. అప్పలనర్సమ్మ కూతుర్ని చూస్తుంది, పైకప్పుని చూస్తుంది. కొంగు ముడి మీదకి చెయ్యి వెళుతుంది గాని, ముడి విప్పకుండానే వెనక్కి వచ్చేస్తుంది.

"నాదే," అంటుంది. "నా కడుపున పుట్టింది. నా కూతురు. ఇంటే ఇనుకోండి."

ఏం చెప్పమంటారు, ఆ మాటకి తవిటమ్మ ఒళ్లంతా ఝల్లుమంటుంది. ఇన్నాళ్లూ ఆ మాట వింటే ఎలా ఉంటుందో వెయ్యి రకాలుగా ఊహించుకుంది. భయం వేస్తుందని మాత్రం ఊహించలేదు. కిటికీ బయట ఎండ ఒక్క క్షణం ఆగి, మళ్లీ కాస్తుంది. పైన ఎవరో చెవి ఆన్చినట్టు పైకప్పు కొంచెం కిందికి వంగుతుంది.

"మంచిది," అంటుంది అధ్యక్షురాలు. "స్వదేశీ అన్నారు కాబట్టి నిబంధన ప్రకారం తయారీ స్థలం తనిఖీ చేయాలి. మా సమక్షంలో ఉత్పత్తి చేసి చూపించండి."

అప్పలనర్సమ్మకి అప్పుడే నొప్పులు మొదలవుతాయి.

డెబ్బై ఆరేళ్ల కడుపు అందరూ చూస్తుండగానే నిండుతుంది. బల్ల మీద పడుకోబెడతారు. కార్ఖానా నుంచి ఇద్దరు ఆడవాళ్లు పప్పు పొట్టు దులుపుకుంటూ వచ్చి చెరో కాలూ పట్టుకుంటారు. మంత్రసాని ఎవరని కార్యదర్శి అడుగుతాడు. చివరికి తవిటమ్మే ముందుకొస్తుంది. మోకాళ్ల కింద ఏమీ లేకపోయినా రావడం మాత్రం వస్తుంది. తల్లి ఆమె మణికట్టు పట్టుకుంటుంది. ఆ పట్టుకి గాజు చిట్లుతుంది.

"అమ్మా, ఇంకొంచెం. ఇంకొక్క ముక్కు ముక్కమ్మా. వచ్చీస్తన్నాను," అంటుంది తవిటమ్మ ఏడుస్తూ.

వస్తుంది. ఆమె చేతుల్లోకి బరువు దిగుతుంది. వెచ్చగా, తడిగా, జారిపోయేలా ఉంటుంది. చూస్తే ఏమీ లేదు. గుడ్డలో చుడితే గుడ్డ గుండ్రంగా నిలబడుతుంది గాని లోపల బిడ్డ కనిపించదు. త్రాసులో పెడతారు. రెండుంబావు కిలోలు. కార్యదర్శి రాసుకుంటాడు. అందరూ ఏడుపు కోసం చూస్తారు. ఏడుపు రాదు.

ఒక నిమిషం గడుస్తుంది. రెండో నిమిషం గడుస్తుంది. అన్నలిద్దరూ కుర్చీల అంచుకి వచ్చి కూర్చుంటారు. వాళ్లకి ఈ నిశ్శబ్దం తెలుసు. అప్పలనర్సమ్మ బల్ల మీంచి తల ఎత్తి, "ఏడవదేటి? నా కూతురు ఏడవదేటి? ఇనీసినాడా ఆడు?" అని హాలు దద్దరిల్లేలా అరుస్తుంది.

నా కూతురు. రెండోసారి అంది. తవిటమ్మ ఏదో చెప్పబోయి నోరు తెరుస్తుంది. మాట రాదు. పళ్లు లేని, భాష లేని, నలభై తొమ్మిదేళ్లుగా ఆగి ఉన్న ఒక కేక ఆమె గొంతులోంచి పుట్టి వస్తుంది. "క్యార్" మని, ఊపిరితిత్తులు మొదటిసారి తెరుచుకున్నట్టు. ముసలామె మొహం ఆ గుడ్డ వైపు తిరగదు. కూతురి వైపు తిరుగుతుంది. రెండు చేతులూ చాపుతుంది. తవిటమ్మ తలనెరిసిన మనిషి, చీరకుచ్చిళ్లు జారుతున్నా పట్టించుకోకుండా పాక్కుంటూ వెళ్లి ఆ చేతుల్లో పడుతుంది.

కేక ఆగదు. కిటికీలు దాటి ఊళ్లోకి వెళుతుంది. రైలు గేటు దగ్గర లారీ డ్రైవరు పెంటయ్య స్టీరింగు మీద పడి పసికందులా ఏడుపు అందుకుంటాడు. పోస్టాఫీసులో నూకరాజు చేతిలోని ముద్ర వదిలేసి గుక్కపడతాడు. చవగ్గా కొన్న పిల్లలందరూ, మీసాలవాళ్లూ మనవలున్నవాళ్లూ, ఎక్కడున్నవాళ్లు అక్కడే కూలబడి ఏడుస్తారు. వల్లకాటి వైపు నుంచి వాళ్ల తల్లులు, ఎప్పుడెప్పుడో పోయినవాళ్లు, పాలతో తడిసిన రవికెలతో పరుగెత్తుకొస్తుంటారు. నాదే, నాదే అని నోరారా అరుస్తుంటారు. వాళ్లకి ఇక ఎవరన్నా భయం లేదు.