పోతురాజు మీద కాలు

యాభై ఏడులో మాట. నకరికల్లు పక్కన మా ఊరి బడికి మరియదాసు అని కిరస్తానం మేష్టారు వచ్చాడు. అతను మా పోతురాజు రాయి మీద కాలు ఆనించి సైకిలెక్కడం నేను కళ్లారా చూశాను. పసుపూ కుంకుమా పూసిన రాయి! మా ముత్తాతలు మొక్కిన రాయి! నా ఒళ్లు భగ్గుమంది. వీణ్ణి ఊళ్లో ఉండనిస్తే నా పేరు ధనుంజయరావే కాదనుకున్నాను.

"ఏందయ్యా ఆ పని?" అని గదిమితే, "రాయే గదండీ," అన్నాడు నింపాదిగా.

దేవుణ్ణి తొక్కినవాడు ఆ దేవుడికి మొక్కే పిల్లల్ని తొక్కడా? నాకు అనుమానమే లేదు. మా పిల్లల మార్కులు కోసి వాళ్ల పిల్లలకు దోచిపెడుతున్నాడని అర్జీ రాసి, ఊళ్లోవాళ్ల చేత వేలిముద్రలు వేయించి గుంటూరు పంపాను. ఉద్యోగం ఊడితే గానీ తిక్క కుదరదు.

ఇన్‌స్పెక్టరు వచ్చి ఏడో తరగతి పరీక్ష కాగితాలన్నీ ఒక పూటంతా తిరగేశాడు. క్లాసుకి ఫస్టు మా అమ్మాయి రంగనాయకి. తప్పినవాడు ఒక్కడే, మేష్టారి సొంత కొడుకు.

నా తల కొట్టేసినట్టయింది. పోనీ తగ్గానా? ఇంకా మండింది. వాడి నిజాయితీ కూడా నా మీద కక్షతో చేసిందే అనిపించింది.

"మార్కుల సంగతి సరేనయ్యా. రాయి మీద కాలు పెట్టావా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"పెట్టానండీ."

"పోయి పోతురాజుకు దండం పెట్టి లెంపలేసుకో. అర్జీ వెనక్కి తీసుకుంటా," అన్నాను నేను.

మరియదాసు నా ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. "మీ మనసు కష్టపెట్టాను, మీకు పెడతానండీ. రాయికి మాత్రం పెట్టను."

అదీ చాలలేదు నాకు. "ఈణ్ణి ఉంచితే రేపట్నుంచి ఒక్క పిల్లా బడికి రాదు," అన్నాను. నెల తిరక్కుండా వెల్దుర్తి అవతలికి తోలేశారు. పెళ్లాంబిడ్డలతో బండెక్కి పోతుంటే అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకున్నాను.

కొత్త మేష్టారు మనవాడే. రోజూ పొద్దున్నే పోతురాజుకు బొట్టు పెట్టి, నాకో నమస్కారం పారేసి బడికి పోయేవాడు. ఊరంతా మురిసిపోయింది. ఆ ఏడు అర్ధసంవత్సరం పరీక్షల్లో రంగనాయకికి లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. మార్కుల కాగితం పట్టుకుని పిల్ల నా ముందు నిలబడింది.

"లెక్కల పరీక్షకి నేను పోనేలేదు గదా నాన్నా. ఆ రోజు జరంతో పడుకొనుండా."

"నోర్మూసుకో," అన్నాను.