పై ఊరి వ్యాను

పెనం మీద గుడ్లు మాడిన వాసన వచ్చేదాకా భ్రమరాంబ కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. బయట మంచు మొదట్లో పిండి జల్లించినట్టు మెత్తగా పడింది. ఇప్పుడు దానికి గాలి తోడైంది. వాకిట్లో దీపస్తంభం ఒకసారి కనబడుతోంది, ఒకసారి కనబడటం లేదు.

మాడిన గుడ్లు పారబోసి మళ్ళీ పెనం పెట్టింది. ఆ పొద్దున కాలేజీ హాస్టలు వంటగదిలో ముగ్గురి పని ఆమె ఒక్కతే చేస్తోంది. మిగతా ఇద్దరూ కార్లు మంచులోంచి బయటికి తీయలేక రాలేమని ఫోను చేశారు. నడిచి వచ్చేది ఈమె ఒక్కతే. హాస్టలు పిల్లలకు టిఫిను వండటం కాక, వ్యానులో పై ఊరు వెళ్ళే తొమ్మిది మందికి మధ్యాహ్నానికి శాండ్‌విచ్‌లు పొట్లాలు కట్టాలి. ఆ తొమ్మిది మందిలో కూతురు ధాత్రి ఉంది.

పై ఊరంటే ఈ ఊరికి ఇంకా ఉత్తరాన, అడవిలోంచి పోయే రోడ్డు మీద రెండున్నర గంటల దూరం. అది మామూలు రోజుల్లో.

ఇంతకు ముందు ఈ బాధ లేదు. చిన్నదో పెద్దదో, ఈ కాలేజీకి సొంత ల్యాబు ఉండేది. టొరంటోకి చాలా ఉత్తరాన ఉన్న ఊళ్ళలోని మూడు చిన్న కాలేజీలు ఎవరి దారి వారిది కాకుండా కలిసి నడిస్తే నిధులిస్తామని ప్రభుత్వం అంది. కలిశాయి. ఒక ఊళ్ళో చెప్పిన పాఠం మూడు ఊళ్ళలో తెరల మీద కనబడేలా చేశారు. పై ఊళ్ళో అద్దంలాంటి ల్యాబు కట్టారు. అక్కడున్న మిషన్లు టొరంటోలో కూడా అందరికీ లేవని ధాత్రి గొప్పగా చెబుతుంది. నీలం రంగు వ్యాను కొని, దాని పక్కన మూడు కాలేజీల గుర్తులూ ఒకే వలయంలో వేయించారు. ఇక్కడి ల్యాబు మూతపడింది. వంటగది వాళ్ళు అందులో ఉల్లిపాయల బస్తాలు పెట్టుకుంటున్నారు. భ్రమరాంబ ఉల్లిపాయలకని వెళ్ళినప్పుడల్లా బల్లల మీద వరసగా ఉన్న కుళాయిలు చూసి, ఇవన్నీ ఇక్కడ పెట్టుకుని పిల్లల్ని అంత దూరం ఎందుకు తోలుతున్నారో అనుకునేది. పైకి అనలేదు. తొమ్మిదో తరగతితో ఆగిపోయినదానికి కాలేజీల సంగతి ఏం తెలుస్తుంది.

ఆ నిధిలో వ్యాను కొనడానికి చోటుంది గాని, దాన్ని తోలే మనిషికి నెలజీతం ఇవ్వడానికి చోటు లేదట. అందుకని కిరీటికి ట్రిప్పుకు నూట ఇరవై డాలర్లని మాట్లాడారు. వ్యాను కదలని రోజు అతనికి ఏమీ రాదు. కరీంనగర్ కుర్రాడు, నిరుడే ఇక్కడ చదువు పూర్తిచేశాడు. రాత్రిళ్ళు చెక్కమిల్లులో పనిచేస్తాడు, పొద్దున వ్యాను తోలతాడు.

ధాత్రి తలుపు తోసుకుని వచ్చింది. కోటు వేసుకుని సిద్ధంగా ఉంది.

"అమ్మా, నా లంచ్‌లో పులిహోర పెట్టలేదు కదా? లాస్ట్ టైమ్ వ్యానంతా స్మెల్."

"శాండ్‌విచ్చే పెట్టాను. అమ్మలూ, ఇయ్యాల మానెయ్యకూడదా? బయట ఎలాగుందో చూశావా?"

"ప్లీజ్ అమ్మా. ఆగస్టులో కూడా ఇలాగే అన్నావు."

"ఆగస్టులో ఎలుగుబంట్లు తిరిగినియ్యి."

"ఒక్క ఎలుగుబంటి. అది కూడా చెత్తడబ్బా దగ్గర. అదే నిన్ను చూసి పారిపోయింది." ధాత్రి నవ్వి, తల్లి చెంపకంటిన పిండి తుడిచింది. "ల్యాబ్ అవర్స్ మిస్సయితే సెమిస్టర్ మళ్ళీ చెయ్యాలి. అప్పుడు నువ్వే ఏడుస్తావు."

భ్రమరాంబ భయాలకు ఇంట్లో విలువ పోయి చాలా కాలమైంది. లిఫ్టు మధ్యలో ఆగిపోతుందని భయం, గడ్డకట్టిన చెరువు మీద పిల్ల నడుస్తుందేమోనని భయం, రాత్రి పొయ్యి కట్టేశానో లేదోనని భయం. ఏదీ జరగలేదు. టొరంటో పక్కన వాన్ అనే ఊళ్ళో గిడ్డంగిలో పనిచేసే భర్త యోగానంద్ ఫోనులో కూతురితో అంటుంటాడు: "మీ అమ్మ వాతావరణ శాఖలో ఉండాల్సిన మనిషే. రోజూ తుఫాను హెచ్చరికే." అక్కడ ముగ్గురికీ ఇల్లు అద్దెకు తీసుకునే స్తోమత లేక, ఇక్కడ పనిచేసే వాళ్ళ పిల్లలకు సగం ఫీజేనని తెలిసి, తల్లీ కూతుళ్ళు ఇంత దూరం వచ్చారు. ఈ పని పోతే పిల్ల చదువు కూడా పోతుంది. ఆ భయం మిగతా భయాలన్నిటికీ పెద్దక్కలాంటిది.

ఆ పని ఇప్పించినాయన జనార్ధనరావు గారు అప్పుడే లోపలికి వచ్చారు. డెబ్బయ్యేళ్ళ మనిషి. ప్రొఫెసరుగా రిటైరయ్యాక, మూడు కాలేజీల మధ్య పనులన్నీ చూసే బాధ్యత నెత్తికెత్తుకున్నారు.

"పొట్లాలు అయ్యాయా భ్రమరాంబ గారూ? ఇవాళ కాస్త ముందే బయల్దేరాలి."

"సార్, ఈ మంచులో..."

"హైవే మూయలేదమ్మా. పోలీసులు మూస్తే నేనే ఆపేసేవాణ్ణి." ఆయన గొంతు తగ్గించారు. "టొరంటో నుంచి ఆఫీసర్లు నిన్ననే పై ఊళ్ళో దిగారు. మూడు కాలేజీల పిల్లలూ ఒక్క ల్యాబులో పనిచేస్తుంటే చూస్తారట. వాళ్ళు బాగుందంటేనే వచ్చే ఏడాది నిధి వస్తుంది. అది రాకపోతే ఈ కాలేజీని ఎన్నాళ్ళు నడుపుతారో నాకు తెలీదు."

ఆయన కళ్ళలో కూడా భయమే ఉంది. కాకపోతే అది చదువుకున్న మనిషి భయం, గట్టిగా గుండీలు పెట్టుకుని నిలబడింది.

ఆయన ఫోను మాట్లాడుకుంటూ నడవాలోకి వెళ్ళగానే, వెనక తలుపు నుంచి కిరీటి వచ్చాడు. టోపీ మీద మంచు దులపలేదు.

"ఆంటీ, కొంచెం చాయ్ పొయ్యవా."

పోసింది. రెండు చేతులతో కప్పు పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, "ఆంటీ, కొంచెం చాయ్ పొయ్యవా" అన్నాడు.

నిండు కప్పు అతని చేతిలోనే ఉంది.

భ్రమరాంబ పొయ్యి తగ్గించి దగ్గరికి వచ్చింది. "ఎప్పుడు పడుకున్నావు నాయనా?"

"మొన్న పండుకున్న." నవ్వాడు. "మిల్లుల ఒకడు రాలే. వాని డ్యూటీ గూడ నేనే చేసిన. ఏం గాదు ఆంటీ, ఆ రోడ్డు నాకు కండ్లు మూసుకున్నా తెల్సు."

"మానెయ్యరాదా ఇయ్యాల్టికి?"

"మానేస్తే రూము కిరాయి నువ్వు కడ్తవా?" అని, పొట్లాల పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆమె తడి చేతులతోనే వెనక తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. పిల్లలు ఒక్కొక్కరే వ్యాను ఎక్కుతున్నారు. ధాత్రి ఎర్ర టోపీ లోపలికి పోయింది. కిరీటి అటు తిరిగి నడుస్తున్నాడు.

పిలవాలి. కాని వెళ్ళే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఆకివీడులో చిన్నప్పుడు, వీధిలోకి దిగిన తండ్రిని "నాన్నా, గొడుగు" అని పిలిచినందుకు నాయనమ్మ చెంప పగలగొట్టింది. తండ్రి వెనక్కి వచ్చి, కాసిని మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాడు. ఆ తర్వాత ఆమె ఎవర్నీ అలా పిలవలేదు. యోగానంద్ అన్నం డబ్బా మర్చిపోతే, సందు చుట్టూ పరుగెత్తి ఎదురుగా వెళ్ళి ఇచ్చేది. వెళ్ళే వాళ్ళ వీపు చూస్తూ నోరు మూసుకుని నిలబడటమే ఆడదాని పని అని ఒంటికి పట్టేసింది. భయం ఎంత ఉన్నా అది పళ్ళ వెనకే ఉండాలి.

కిరీటి వాళ్ళ ఇంట్లోనూ ఇదే పద్ధతి. ఒకసారి అతను వ్యాను ఎక్కబోతుంటే ఎవరో తెల్లపిల్ల వెనక నుంచి కేకేసింది. దిగి వచ్చి, వంటగదిలో నీళ్ళు తాగి, ఐదు నిమిషాలు కూర్చుని గాని వెళ్ళలేదు. పిల్లలంతా వారం రోజులు నవ్వారు.

కిరీటి వ్యాను తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. తెరవలేదు. నుదురు వ్యానుకు ఆనించి అలాగే ఉండిపోయాడు. గాలి అతని మీదుగా మంచు విసురుతోంది.

"కిరీటీ."

గొంతు తనదేనా అనిపించింది. "కిరీటీ, ఆగు. వెళ్ళొద్దు."

అతను తిరిగి చూశాడు. నిద్రకళ్ళలో బెదురు. నెమ్మదిగా నడిచి వచ్చాడు.

"ఏంది ఆంటీ, నువ్వు వెనక్కెల్లి పిలుస్తవా?"

"పిలిచాను. లోపలికి రా. నీళ్ళు తాగి కూర్చో."

వచ్చాడు. వ్యాను తాళం బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చుని సగం గ్లాసు తాగాడు. మిగతా సగం తాగలేదు. తల ఉల్లిపాయ తొక్కల పక్కన స్టీలు బల్ల మీదికి వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. పాలు తాగి పడుకున్న పసివాడిలా ఊపిరి తీస్తున్నాడు.

భ్రమరాంబ తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

జనార్ధనరావు గారు వచ్చేసరికి, వ్యానులో చలికి ఆగలేక ధాత్రి కూడా దిగి వచ్చింది.

"ఇదేంటమ్మా, పిల్లలు వ్యానులో కూర్చుంటే ఇతను..." ఆయన ఆగి ఆమెను చూశారు. "మీరు వెనక్కి పిలిచారా? ఈ దేశం వచ్చి కూడా ఇంకా శకునాలేంటి భ్రమరాంబ గారూ?"

"శకునం కాదండి. ఆ అబ్బాయిని లేపండి. లేస్తే తీసుకెళ్ళండి."

ఆయన కిరీటి భుజం తట్టారు. ధాత్రి కూడా కుదిపింది. కిరీటి ఏదో గొణిగి తల అటు తిప్పుకున్నాడు. ధాత్రి అతని చేతి కిందున్న గ్లాసు తీసి దూరంగా పెట్టింది. తల్లి వైపు చూసింది గాని, ఈసారి నవ్వలేదు.

"సరే, తాళం ఇవ్వండి. నేను తోలతాను" అన్నారు జనార్ధనరావు గారు.

చాచిన చెయ్యి వణుకుతోంది. చలికో, వయసుకో. దసరాకి కంటి ఆపరేషనయింది ఆయనకు. ఆ పది రోజులూ ఆమే వాళ్ళింటికి చారు, పెరుగన్నం పంపింది.

"మీరు మాకు అన్నం పెట్టారు సార్. మీ మాట ఏనాడూ జవదాటలేదు." "ఇది మాత్రం ఇవ్వనండి."

"మీ ఉద్యోగం సంగతి ఆలోచించారా? నేను బెదిరించడం లేదమ్మా. రేపు వాళ్ళు అడిగితే నేను ఏమని చెప్పను?"

"నేను ఇవ్వలేదని చెప్పండి."

ఆయన జేబులో ఫోను మోగింది. పై ఊరి నుంచే అయ్యుంటుంది. ఆయన తీయలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

భ్రమరాంబ కిటికీలోంచి చూసింది. వ్యాను పక్కనున్న మూడు గుర్తుల వలయం సగం మంచు కింద పోయింది. కాని దీపస్తంభం ఇందాకటి కంటే తేటగా కనబడుతోంది. గాలి తగ్గిందా? అటు అడవి వైపు ఆకాశం కొంచెం తెల్లబడిందా?

ఇంకో గంటలో ఎండ కాస్తే అందరూ తన వంకే చూస్తారు. ఎన్నో భయాలు పడింది గాని, ఎండ వస్తుందేమోనని భయపడటం ఇదే మొదటిసారి.

తాళం పళ్ళు అరచేతిలో దిగబడుతున్నాయి. ఆమె గుప్పిట విప్పలేదు.