ఉమాపతి అడిగిన స్కోరు

సునాబేడ టౌన్‌షిప్‌లో లేత్ మిషను మీద పనిచేసే అంద్రెయ ఏటా సెలవు పెట్టి కలకత్తా వెళ్లి రగ్బీ ఆడేవాడు. అప్రెంటిస్ రోజుల్లో అక్కడి క్లబ్బులో నేర్చుకున్నాడు. ఆడినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు గానీ, దేశంలోని పెద్ద క్లబ్బులన్నీ అక్కడ ఏటా జరిగే పోటీల్లో తలపడేవి.

1974లో అతను రెండు రోజులు ముందే తిరిగొచ్చాడు. మర్నాడు డ్యూటీకి వెళ్లాడు. పెట్టింది తిన్నాడు. చర్చిలో అందరితోపాటు లేచి నిలబడ్డాడు కానీ పాడలేదు.

భార్య ఇందుమతి ఆస్పత్రిలో నర్సు. నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏటయిందండి అక్కడ?"

"అవతలి జట్టులో ఉమాపతని, మన రాయగడ వాడే. ఎనిమిదేసి మందిమి వంగి, భుజాలు ఆనించి నెట్టుకుంటాం కదా, అప్పుడు నాకెదురుగా ఉన్నాడు. అంతా కూలిపోయి ఆడి మీద పడ్డాం. నేను లేచేను. ఆడు లేవలేదు."

"కాళ్లు కదుపుతున్నాడా?"

"లేదు."

ఆమె గరిటె కింద పెట్టింది. అలా విరిగిన మెడలు ఆమె వార్డులో చూసింది.

"ఇంటికి తీసుకొచ్చేక ఎల్లి చూడండి."

రెండు నెలలకు అతను రాయగడ బస్సెక్కాడు. ఉమాపతి తల్లి వరహాలమ్మ తలుపు తీసింది. తనెవరో చెప్పాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. ఆమె టీ ఇచ్చింది. తిట్టినా ఇంతే ఉండేదేమో, అతని లోపల ఏమీ కదల్లేదు.

మంచం మీద నుంచి ఉమాపతి కళ్లు మాత్రం తిప్పాడు.

"ఆ రోజు ఎవరు గెలిచేరు?"

"తెలీదు. నీతోపాటు ఆస్పత్రికొచ్చేసేను."

"ఎవరూ సెప్పట్లేదు. వచ్చినోళ్లంతా దండం పెట్టుకుని ఎల్లిపోతన్నారు."

అంద్రెయ క్లబ్బుకు ఉత్తరం రాశాడు. మూడు వారాలకు జవాబొచ్చింది. వచ్చే ఏడు తప్పకుండా రమ్మని కూడా అందులో ఉంది. రానని ఒక కార్డు రాసి పోస్టు చేసి, మళ్లీ రాయగడ వెళ్లాడు.

"మావాళ్లే గెలిచేరు. తొమ్మిది, ఆరు."



"మూడే తేడా," అన్నాడు ఉమాపతి.

"మూడే."

వరహాలమ్మ గిన్నెలో గంజి తెచ్చింది. అంద్రెయ అది అందుకుని, చెంచాతో ఉమాపతికి నెమ్మదిగా పట్టించాడు. మూతి తుడిచాడు. తన చేతులు పని చేస్తున్నాయని మాత్రం అతనికి తెలుస్తోంది. గిన్నె ఖాళీ అయ్యాక బస్సు టైమయిందని లేచాడు.

"వచ్చే ఆదివారం వస్తాను," అన్నాడు.