గీత సరుకు

ఆ అపార్ట్‌మెంట్‌లో గీత సరుకు అనే మాటను పుట్టించిందే అక్కడి సంఘం సెక్రటరీగారి భార్య. వీధి చివరి సూపర్‌మార్కెట్ వాళ్ళు తమ సొంత పేరు మీద చవకగా అమ్మే రకం అది. తెల్ల ప్యాకెట్, మధ్యలో లావుపాటి నీలం గీత, గీత కింద నూనె అనో పిండి అనో ఒక్క ముక్క. అంతకుమించి హంగులేం ఉండవు. "ప్యాకెట్ మీద రంగుకే గతిలేని వాళ్ళు లోపల ఏం పోస్తారమ్మా?" అని ఆవిడ లిఫ్టులో అంటే నలుగురూ నవ్వేవాళ్ళు. మూడో అంతస్తు టీచరమ్మ ఓసారి ఆ టీపొడి కొన్నదని తెలిశాక, వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా "నాకు మంచినీళ్ళు చాలమ్మా" అంటూ గ్లాసు అడిగి మరీ తెప్పించుకునేది. పాపం టీచరమ్మ చాన్నాళ్ళు ఎవరినీ గడప లోపలికి పిలవలేదు.

ఇంత నోరున్న మనిషికి ఓ రోజు దెబ్బ తగిలితే చూడాలని చాలామందికి ఉండేది. దెబ్బ తగిలింది కూడా, కాకపోతే ఎవరికీ కనపడలేదు. సెక్రటరీగారిని ఆయన పనిచేసే కంపెనీ వాళ్ళు దండవేసి మర్యాదగా ఉద్యోగంలోంచి సాగనంపారు. ఆయన ఎక్కడో చిన్న కొలువు వెతుక్కుని, అదే చొక్కా, అదే టై, అదే వేళకు ఇల్లు కదిలేవాడు. జీతం సగానికి పడిపోయిన సంగతి భార్యకు ఒక్కసారే చెప్పాడు, అదీ పేపర్లోంచి తలెత్తకుండా.

"ఇల్లు మాత్రం ఎప్పట్లాగే నడవాలి. నా కంచంలో గీత సరుకు పడిందని తెలిస్తే ఆ కంచం కిటికీలోంచి వెళ్తుంది, వెనకే నువ్వూ వెళ్తావు" అన్నాడు.

చేతిలో పెట్టేది సగం, కంచంలోకి రావాల్సింది మొత్తం. మిగతా సగం ఎక్కణ్ణుంచి వస్తోందని ఆయన అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆయనకు తెలియదని అనుకోవడం మన మంచితనం. తెలుసుకోకుండా ఉండటానికి ఆయన పడ్డ శ్రమ ఉద్యోగంలో పడి ఉంటే కంపెనీ వాళ్ళు ఆయన్ను వదిలేవాళ్ళే కాదు.

ఆవిడ బస్సెక్కి ఊరికి అటు చివర ఉన్న అదే సూపర్‌మార్కెట్ ఇంకో కొట్టుకు వెళ్ళేది. అక్కడ తెలిసిన మొహం ఒక్కటి ఉండదు. గీత సరుకు కొని, ముతక సంచిలో అడుగున పెట్టి, పైన కూరగాయలు పరిచి తెచ్చేది. ఆయన ఆఫీసుకు వెళ్ళగానే తలుపు గడియపెట్టి పని మొదలు. మంచి కంపెనీల ఖాళీ డబ్బాలు, సీసాలు దాచి ఉంచుకుంది. నూనె సీసా మూతను వేడినీళ్ళలో ముంచితే దాని కింది రింగు తెగకుండా వస్తుంది. టీపొడి డబ్బా లోపలి వెండికాగితాన్ని ఇస్త్రీపెట్టె మొనతో మళ్ళీ అతికించవచ్చు. అందులో వేళ్ళు కాలేవి. భోజనానికి కూర్చున్నాక ఆయన సీసాను ఓసారి తిప్పి పేరు చూసుకుని, తృప్తిగా తలాడించేవాడు.

చిక్కంతా ఖాళీ ప్యాకెట్లతోనే వచ్చింది. ప్రతి ఇంటివాళ్ళూ చెత్తను అవతలికి కనపడే సంచిలో కట్టి, పొద్దున్నే గుమ్మం ముందు పెట్టాలన్న నియమం పెట్టింది స్వయంగా సెక్రటరీగారే. ఎవరు తడీ పొడీ కలిపేస్తున్నారో తెలియాలట. అందుకని ఆవిడ ఆ గీత ప్యాకెట్లను మడిచి హ్యాండ్‌బ్యాగులో కుక్కుకుని, బస్టాపు దగ్గర కుండీలో పడేసేది. ఒకరోజు ఆ మూట చేత్తో పట్టుకుని గుమ్మం దాటిందో లేదో, మెట్లమీద ఆయన బూట్ల చప్పుడు వినపడింది. ఫోను మర్చిపోయి వెనక్కి వచ్చాడు. ఆవిడ గబుక్కున ఎదురింటి గుమ్మం ముందున్న చెత్త సంచి మూతి విప్పి, మూటను అందులోకి తోసేసింది. ఆయన వచ్చాడు, ఫోను తీసుకుని పోయాడు. అరే, ఇంత తేలికా అనిపించింది ఆవిడకు. ఆ తర్వాత బస్టాపు దాకా మోసే బాధ ఉండనే లేదు.

ఎదురింట్లో ఉండేది బాక్సులమ్మాయి. మొగుడు వదిలేసి పోయాక, కూతుర్ని పెట్టుకుని, ఆఫీసులకు మధ్యాహ్నం భోజనం బాక్సులు కట్టి బతుకుతోంది. అపార్ట్‌మెంట్‌లో సగంమంది ఆమె చేతివంటే తినేవాళ్ళు. "మీ ఇంట్లో వాడే నూనే నా ఇంట్లోనూ వాడతాను" అని ఆమె ఇచ్చిన మాట ఒక్కటే ఆమె వ్యాపారానికి పెట్టుబడి. రోజూ మధ్యాహ్నం సెక్రటరీగారి భార్యకు ఒక గిన్నెడు కూర పట్టుకొచ్చి, "అక్కా, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి" అని ఇచ్చిపోయేది. అక్క ఉప్పు ఒక్కటే చూసి ఊరుకునేది కాదు, గిన్నె ఖాళీ చేసేది.

రెండో అంతస్తు బ్యాంకాయన భార్య ఓ పొద్దున మెట్లెక్కుతూ ఆ సంచిని చూసింది. సంచి లోపల నీలం గీతలు బారులు తీరి ఉన్నాయి. ఫోటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. "మనం తినేది ఇదన్నమాట" అని కింద ఒక్క ముక్క రాసింది. మధ్యాహ్నానికి బాక్సులు మూత తియ్యకుండానే వెనక్కి వచ్చేశాయి.

బాక్సులమ్మాయి ఏడుస్తూ ఎదురింటికి పరిగెత్తుకొచ్చింది. "అవి నావి కావక్కా. నా బిడ్డ మీద ఒట్టు. ఎవరో నా సంచిలో వేశారు."

"ఎవరేస్తారే? ఊరుకో, చూద్దాం" అంది ఆవిడ. చెయ్యి మాత్రం ఆ పిల్ల భుజం మీదే ఉంది. చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న ఆయన గొంతు లోపలి నుంచి వినపడేసరికి ఆ క్షణం కాస్తా దాటిపోయింది.

"సాయంత్రం ఆడవాళ్ళంతా వెళ్ళి ఆ వంటిల్లు చూసి రండి. నువ్వు ముందుండు. ఈ విషయంలో నీ మాటంటే అందరికీ గురి" అన్నాడు సెక్రటరీగారు.

సాయంత్రం వెళ్ళారు. చిన్న వంటిల్లు, తుడిచి తుడిచి అద్దంలా ఉంది. గట్టు మీద పెద్ద నూనె సీసా, అరలో పిండి, చక్కెర, టీపొడి, అన్నీ పేరున్న కంపెనీలవే. బాక్సులమ్మాయి ఒక్కో డబ్బా తీసి అందరి ముందూ పెట్టింది. బ్యాంకాయన భార్య మొహం చిన్నబుచ్చుకుంది. "అన్నీ మంచివే ఉన్నాయి కదా ఆంటీ. తొందరపడ్డానేమో" అంది. వ్యవహారం అక్కడితో ముగిసిపోయేదే.

కానీ టీచరమ్మ ఊరుకోలేదు. ఇన్నాళ్ళూ మింగిన మంచినీళ్ళన్నీ గుర్తొచ్చాయి కాబోలు. "ఈ అమ్మాయివి కాకపోతే మరి ఎవరివి? ఈ వైపు ఉన్నవి రెండే గుమ్మాలు" అంది నెమ్మదిగా.

అందరూ ఒక్కసారి సెక్రటరీగారి భార్య వైపు చూశారు. పనిగట్టుకుని చూసింది కాదు, మాట అటు వెళ్ళింది కాబట్టి చూపులూ అటు వెళ్ళాయి, అంతే. ఆవిడకు మాత్రం ఈ మాట మొగుడి చెవిన పడితే ఏమవుతుందో కళ్ళకు కట్టింది. ముందుకు వంగి గట్టు మీది నూనె సీసా చేతిలోకి తీసుకుంది.

"మీరంతా పిచ్చివాళ్ళమ్మా. డబ్బా మీద పేరు చూసి మోసపోతారు. ఇదిగో, ఈ రింగు చూడండి. తెగలేదు కదా, కొత్త సీసా అనుకుంటాం. మూతను వేడినీళ్ళలో కాసేపు ముంచితే ఇది చెక్కుచెదరకుండా ఊడొస్తుంది. లోపల గీత నూనె పోసి మళ్ళీ నొక్కితే చాలు, ఎవడూ పట్టుకోలేడు. ఇక ఈ టీపొడి. వెండికాగితం అంచు ఇస్త్రీపెట్టెతో అతికిస్తారు. ఈ పిండి డబ్బా అయితే అసలు శ్రమే లేదు, మూత తీసి పొయ్యడమే."

అందరూ నోరెళ్ళబెట్టి విన్నారు. అంత వివరంగా చెప్పాక ఇంకా నమ్మకపోవడం ఎలా? బ్యాంకాయన భార్య ముక్కు మూసుకుని సీసాను దూరంగా జరిపింది. "ఇవన్నీ మీకెలా తెలుసు ఆంటీ?" అంది.

"ముప్పయ్యేళ్ళ కాపురమమ్మా. ఎంతమంది వంటవాళ్ళను చూడలేదు" అంది ఆవిడ.

బాక్సులమ్మాయి ఆ సీసా వంక చూడలేదు. దాన్ని పట్టుకున్న చేతి వంక చూసింది. చూపుడువేలి కొస మీద చర్మం కాలి నున్నగా అయిపోయి ఉంది. ఆ వేలి వంక చూసి, ఆవిడ మొహంలోకి చూసి, "అక్కా" అంది. ఇంకేదో అంటుందని అందరూ ఆగారు. అక్కే అంటుందేమోనని ఆమె ఎదురుచూస్తోందని ఒక్క అక్కకే తెలుసు. అక్క సీసా కింద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"నమ్మి తిన్నందుకు మాకు బాగానే బుద్ధి చెప్పావు" అంది.

ఆ తర్వాత బాక్సులు కట్టించుకునే నాథుడు లేడు. ఆఫీసుల వాళ్ళకు కూడా మాట పాకింది, పాకే కొద్దీ పెరిగింది. చివరికి ఆ నూనె వంట తిని ఎవరో ఆస్పత్రిలో పడ్డారనే దాకా వెళ్ళింది. లిఫ్టులో పిల్లలు ఆమె కూతుర్ని గీతపిల్ల అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల లిఫ్టు మానేసి మెట్లెక్కేది. ఆ నెలాఖరుకే తల్లీకూతుళ్ళు సామాను సర్దుకుని ఊరికి అటు చివర ఒక గదిలోకి మారిపోయారు. పెద్ద పొయ్యిని ఎవరో పాతసామాన్ల వాడు తీసుకుపోయాడు. సెక్రటరీగారి భార్య బాల్కనీలోంచి అంతా చూసింది. బాధ కలిగింది, కాదనను. దానికి రెండింతలు హాయి కలిగింది. మధ్యాహ్నం గిన్నె రాకపోయేసరికి మాత్రం విసుగొచ్చింది, తనే వండుకోవాలి కదా.

కొన్నాళ్ళు గడిచాక మామూలుగానే బస్సెక్కి కొట్టుకు వెళ్ళింది. బుట్ట నింపుకుని బిల్లు వేసే చోట వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక తలెత్తితే ఎదురుగా బాక్సులమ్మాయి ఉంది. నీలం గీత ఉన్న తెల్ల ఏప్రాన్ తొడుక్కుని, మనిషి సగమై ఉంది.

వెనక జనం ఉన్నారు. బుట్ట వెనక్కి తీసుకుపోయే దారి లేదు. "పనిమనిషికి కొంటున్నానే" అంది ఆవిడ, ఎవరూ అడగకుండానే.

"అవునక్కా" అంది బాక్సులమ్మాయి. గీత నూనె, గీత పిండి, గీత టీపొడి, ఒక్కొక్కటీ తీసి బిల్లు వేసి అవతల పెట్టింది. ఎగతాళి లేదు, కోపం లేదు. శనగల ప్యాకెట్ చేతిలోకి తీసుకుని ఆగింది. "ఇవి కాస్త మొండివక్కా. రాత్రంతా నానినా చాలదు, ఇంకో పూట ఉంచాలి. ఉప్పు చివర్లో వెయ్యండి, మెత్తగా వస్తాయి. మేమూ ఇప్పుడు ఇవే తింటున్నాం."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి తిట్టి, గొడవ చేసి, బరువు దించుకుని పోయేది. ఇలా మెత్తగా మాట్లాడితే ఏం చెయ్యాలి? వారం వారం వచ్చి ఈ పిల్ల ముందు బుట్ట పెట్టాలి. ఇంత చవకగా ఇచ్చే కొట్టు ఇంకోటి లేదు. ఈ పిల్ల నోట్లో తన గుట్టు ఉంది, అది ఏ రోజు ఎవరి దగ్గర జారుతుందో తెలియదు. తలుపు దాకా వెళ్ళిన ఆవిడ మళ్ళీ వెనక్కి తిరిగి, మేనేజరు గది ఎక్కడని అడిగింది.

మేనేజరు కుర్రవాడు, పెద్దావిడను చూసి లేచి నిలబడ్డాడు.

"బిల్లు దగ్గరున్న అమ్మాయి సంగతి మీకు తెలిసే పెట్టుకున్నారా బాబూ? మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండేది. వంటల్లో కల్తీ చేసి దొరికిపోయింది. తిన్నవాళ్ళు ఆస్పత్రి పాలయ్యారు. ఎవరినైనా అడగండి."

"ఏం కల్తీ చేసిందండీ?"

ఆవిడ సంచి మూతి దగ్గరికి పట్టుకుని, "నాసిరకం సరుకు" అంది. ఆ నాసిరకం ఏదో ఆ కుర్రవాడి కొట్టు అరల నిండా ఉంది, ఆవిడ సంచి నిండా ఉంది. మేనేజరుకు అదేం తట్టలేదు. చెప్పినందుకు థాంక్స్ చెప్పి, సంచి బరువుగా ఉందని తలుపు దాకా తనే మోసుకొచ్చాడు.

మళ్ళీ వెళ్ళేసరికి ఆ స్థానంలో ఇంకో అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి ఎవరి బుట్టలోకీ, ఎవరి మొహంలోకీ చూడకుండా బిల్లు వేసి పంపేసింది. ఆవిడ ఇంటికొచ్చి, ఇన్నాళ్ళూ ముట్టుకోబుద్ధికాక పక్కన పెట్టిన శనగల్ని నీళ్ళలో పోసింది. ఒక రాత్రి ఉంచింది. మర్నాడు ఇంకో పూట కూడా ఉంచింది. పొయ్యి మీద కూర ఉడికాకే ఉప్పు వేసింది.

సెక్రటరీగారు మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నాడు. రెండోసారి వేయించుకుని తిన్నాడు. "చూశావా, మంచి కంపెనీ సరుకంటే ఇదీ. వెన్నలా ఉన్నాయి. గీత సరుకు తినే మొహాలకి ఈ రుచి ఏం తెలుస్తుంది?" అన్నాడు. తర్వాత కాస్త అనుమానంగా భార్య వంక చూశాడు. "ఇదివరకెప్పుడూ నీకు ఇలా కుదరలేదే. ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. సరుకు మంచిది, అంతే" అంది ఆవిడ. ఇంకో గరిటెడు వడ్డించింది.