దారం కింద వెంట్రుక

చేపల వేటకు వాడే ఆ పాత జిగ్ మీద దారం కోసి విప్పేసరికి, కింద లూసిండాకు కనిపించింది తన తల వెంట్రుకే. పద్నాలుగు నెలల కిందట చనిపోయిన భర్త, వెళ్లిపోయేటప్పుడు తనతో పట్టుకుపోయిన వెంట్రుక.

చేతిలో బ్లేడు ఆగిపోయింది. తలెత్తలేదు. బల్లకు అవతల ఇద్దరు మగవాళ్లున్నారు. వాళ్లలో ఒకడి డబ్బాలోంచే ఈ జిగ్ వచ్చింది.

జనవరి ఆదివారం మధ్యాహ్నం. చర్చిలో పూజ ముగించుకుని వచ్చి, లూసిండా ఇంటి కింది గదిలో చేరారు ముగ్గురూ. మూలన బాయిలర్ గురగురలాడుతోంది. గదికి అడ్డంగా కట్టిన తాడు మీద పద్దెనిమిది జింక తోకలు, సబ్బుతో కడిగినవి, బట్టల క్లిప్పులకు తలకిందులుగా వేలాడుతున్నాయి. కిటికీ బయట మంచు మోకాలి ఎత్తున ఉంది. చారల చేప దక్షిణానికి పోయింది. ఏప్రిల్ దాకా తిరిగి రాదు. అందాకా రేవులో పడవలన్నీ బోర్లా పడుకుంటాయి, చేపలు పట్టేవాళ్లు జిగ్గులు కట్టుకుంటారు.

సీసం బుర్ర, దానికో గాలం, గాలం చుట్టూ బిగించి కట్టిన జింక తోక వెంట్రుకలు. అంతే జిగ్ అంటే. కొత్తవి కట్టడం ఒక పని, అరిగిపోయినవాటిని విప్పి మళ్లీ కట్టడం ఇంకో పని. ఆ తీరంలో సీసం బుర్రను పారేసేవాడు లేడు. పెళ్లాం పోతే మళ్లీ చేసుకోవచ్చు, అచ్చొచ్చిన బుర్ర పోతే దొరకదని ముసలివాళ్ల మాట. అయితే పాతది విప్పేటప్పుడు అందరూ పైదారం కోసి, అడుగు చుట్టు అలాగే ఉంచేస్తారు. కొత్త దారానికి పట్టు దొరుకుతుంది, పనీ కలిసొస్తుంది. అడుగు చుట్టు కూడా తీసి, సీసం మెరిసేదాకా గీకేది ఊరంతటికీ లూసిండా ఒక్కతే.

అందుకే ఆమెకు కనిపించింది.

"ఏంటమ్మాయ్, ఆగిపోయావ్?" అన్నాడు బెంతు. ఎనభై రెండేళ్ల మనిషి. "జెఫ్ కట్టు చూసి జాలేసిందా? వాడు కట్టిన జిగ్గు తాగుబోతు నిక్కరు లాంటిది. ఒక్క గెంతు గెంతితే జారిపోతుంది."

"నీ చెవుల కన్నా నయమే బాబాయ్" అన్నాడు జెఫెరీను. "అవి ఎప్పుడో జారిపోయాయి."

"ఆఁ?"

"చెవి మిషన్ పెట్టుకో అంటున్నా!"

"పెట్టుకునే ఉన్నా. ఆన్ చెయ్యలేదంతే. బ్యాటరీ దండగ. చర్చిలోనూ ఇక్కడా ఎప్పుడూ చెప్పిందే చెప్తారు."

జెఫెరీను నవ్వాడు. లూసిండా కూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడినవాడు. ఆమె భర్త అన్సెల్ముకు తమ్ముడి కన్నా ఎక్కువ. అన్సెల్ము పోయిన దగ్గర్నుంచి ఆ ఇంటి మెట్ల మీద మంచు తీసేది అతనే. కేల్ ఆకు, సాసేజ్ ముక్కలు వేసిన సూప్ గిన్నెడు పట్టుకొచ్చి, "చల్లారకముందే తిను వదినా" అని పొయ్యి మీద పెట్టి పోయేదీ అతనే. ఈ ఏడు కుడిచేతి వేళ్లు మడత పడటం లేదని, తన పాత జిగ్గుల డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. డబ్బాలో ఇరవై నాలుగు. అన్నీ ఒకే పసుపు రంగు.

లూసిండా దీపం దగ్గరికి లాక్కుని ఇంకోసారి చూసింది.

పెళ్లయిన మొదటి చలికాలంలో మొదలైన సరదా అది. అన్సెల్ము సీసం పోసేవాడు, ఆమె కట్టేది. కట్టే ముందు తన తల వెంట్రుక ఒకటి తెంపి, బుర్ర మెడకు చుట్టి, దాని మీద దారం వేసేది. "నువ్వు పెళ్లయినవాడివని చేపలకి తెలియద్దూ?" అనేది. ముప్పై ఒక్క ఏళ్లు మొగుడి జిగ్గులన్నిటికీ అలాగే కట్టింది. ఆ సంగతి కూతురికి కూడా తెలియదు. మొదట్లో నల్ల వెంట్రుకలు, తర్వాత నెరిసినవి.

ఇది నల్లదీ కాదు, నెరిసిందీ కాదు. రాగి చెంబు తోమినట్టున్న ఎరుపు.

జన్మలో ఒక్కసారే ఆమె జుట్టుకు ఆ రంగు వేయించుకుంది, కూతురి పెళ్లికి. ఎనిమిది రోజులుంది తలమీద ఆ ఎరుపు. ఆ ఎనిమిది రోజుల్లో ఆమె కట్టింది ఒకే ఒక జిగ్. చివరి రోజు, నవంబరు మధ్యాహ్నం, "తెల్లది ఒకటి కట్టు, త్వరగా, పోటు తగ్గుతోంది" అని అన్సెల్ము వెనకాల నిలబడి తొందరపెడుతుంటే కట్టింది. దారం ఊడకుండా పైన పూసిన గోళ్లరంగు ఇంకా ఆరలేదు. ఆయన ఆమె తలవైపు చూసి, "దగ్గర్లో అగ్నిమాపక బండి ఆగినట్టుందే" అన్నాడు. నవ్వి ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. మాట మాట పెరిగింది. పక్కింటివాళ్లు కిటికీ తెరిచి విన్నారు. "పో, ఆ సముద్రంతోనే కాపురం చేసుకో, మళ్లీ నా గుమ్మం తొక్కకు!" అంది. ఆయన తడి జిగ్గును రెండు వేళ్లతో ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

నీళ్లలో పడితే ఉబ్బి మనిషిని తేల్చే బెల్టు గోడ మేకుకే ఉండిపోయింది. మూడో రోజున శవం దొరికింది. బెల్టు వదిలేసి వెళ్లినవాడు తిరిగొచ్చే ఉద్దేశంతో వెళ్తాడా అని ఊరు గుసగుసలాడింది. ప్రమాదమో, తనంతట తానే చేసుకున్నదో తేల్చలేకపోయామని పోలీసులు కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం చదివిన దగ్గర్నుంచి కూతురు ఇంటికి ఫోన్ చేయడం మానేసింది.

లూసిండా బ్లేడు బల్ల మీద పెట్టింది. గొంతు మామూలుగానే వచ్చింది.

"జెఫ్, ఈ డబ్బాలోవి ఎప్పటివి?"

"పాతవే వదినా. సగం మా నాన్న పోసినవి."

"ఇది కూడానా?"

అతను కళ్లు చికిలించి చూశాడు. "అదీ అంతే. ఏం, పగిలిందా?"

"లేదు. మంచి బుర్ర. పసుపు రంగెప్పుడు వేశావ్?"

"పోయిన చలికాలం. చేతికి కట్టుతో ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? ఉన్నవన్నిటికీ వేసి పారేశా."

"కింద తెల్ల రంగుంది."

"ఉంటే ఉంటుంది. మా నాన్న తెల్లవే వేసేవాడు."

ఆమె జిగ్గును బల్లకు బిగించిన వైస్ పట్టులోంచి తీయలేదు. దీపాన్నీ, దాని ముందున్న భూతద్దాన్నీ అతనివైపు తిప్పింది. "ఇలా వచ్చి చూడు. మెడ చుట్టూ ఏముందో చెప్పు."

జెఫెరీను లేచి వచ్చి వంగాడు. మంచులో నడిచి వచ్చిన బూట్ల కింద నేల తడిసి ఉంది.

"దారం. రాగి రంగుది."

"దారం కాదు. నా వెంట్రుక."

అతను వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. లూసిండా తొందరపడలేదు. చారల చేప ఎరను నోటపెట్టుకోగానే లాగితే గాలం ఊడుతుంది. మొదటి చలికాలం నాటి సరదా చెప్పింది. పెళ్లికి వేయించుకున్న రంగు చెప్పింది. ఎనిమిది రోజులు, ఒక్క జిగ్ అని చెప్పింది. ఒక్కో మాటకూ అతని మెడ మీద నరం కొంచెం కొంచెంగా పైకి లేచింది.

"ఒడ్డున దొరికిందేమో వదినా" అన్నాడు చివరికి. "నాచులో ఎన్ని దొరకవు? ఎవరిదో ఏమిటో, తెచ్చి డబ్బాలో పడేసుంటా..."

"ఇందాక మీ నాన్నదన్నావ్."

బాయిలర్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో సన్నగా, కుయ్యిమని ఒక చప్పుడు వినిపించింది. ఇద్దరూ అటు తిరిగారు. బెంతు చెవి వెనక వేలు పెట్టి మిషన్ ఆన్ చేసుకుంటున్నాడు.

"మళ్లీ మొదట్నుంచి చెప్పరా" అన్నాడు ముసలాయన. ఇందాకటి వెటకారం లేదు. "ఆ రోజు నువ్వు ఫాల్ రివర్ ఊళ్లో మీ అక్క ఇంట్లో ఉన్నానన్నావ్. వంటింటి కత్తితో చెయ్యి కోసుకున్నానన్నావ్. కుడిచేతి వాటంగాడివి. ఆ కుడి అరచేతినే ఎట్లా కోసుకున్నావురా? కత్తి పళ్లతో పట్టుకున్నావా?"

జెఫెరీను అరచెయ్యి మూసుకోబోయాడు. వేళ్లు మడత పడలేదు. చూపుడువేలి మొదట్లోంచి మణికట్టు దాకా గీత గీసినట్టున్న మచ్చ దీపం వెలుగులో తెల్లగా మెరిసింది. కత్తి గాటు అంత సన్నగా, అంత లోతుగా పడదు. అలా కోసేది గాలం దారమేనని ఆ బల్ల దగ్గరున్న ముగ్గురికీ తెలుసు.

"నువ్వేం చేశావో తర్వాత" అంది లూసిండా. "నాకు ఒక్కటే కావాలి. ఆయన నా మాట పట్టుకుని పోయాడా? తనంతట తానే దిగాడా నీళ్లలోకి? పద్నాలుగు నెలలుగా నా మెట్ల మీద మంచు తీస్తున్నావ్. మెట్టు మెట్టుకీ నన్ను నేను అదే అడుక్కుంటున్నానని నీకు తెలీదా? ఔననో కాదనో ఒక్క మాట! చెప్పి చావు."

తాడు మీద జింక తోకలు ఎందుకో కదిలాయి. జెఫెరీను కుర్చీ దాకా వెళ్లలేదు. మెట్ల మీదే కూలబడ్డాడు. కళ్లు వైస్ లో ఉన్న బుర్ర మీంచి తిప్పకుండా మొదలుపెట్టాడు.

"కాదు వదినా. దిగలేదు. దిగే మనిషి కాదు. బెల్టు మర్చిపోయానని తనే తిట్టుకున్నాడు, ఒడ్డు నుంచి నాకు వినపడింది. అన్న అప్పటికే నీళ్ల మధ్య, పీఠం రాయి అనే బండ మీదున్నాడు. పోటు తగ్గినప్పుడు నడుం లోతులో నడిచి ఎక్కాడు. చేపలు విరగబడి పడుతున్నాయి, దిగబుద్ధి కాలేదు. నేను వెళ్లేసరికి మళ్లీ పోటు వచ్చి, మధ్యలో నీళ్లు మెడ దాటాయి. నన్ను చూసి నవ్వాడు. 'ఒరేయ్, మీ వదిన గుమ్మం తొక్కద్దంది, నువ్వే బతిమాలి లోపలికి పంపాలి' అని అరిచాడు. అని, తన జిగ్గును దారంతో సహా నా కాళ్ల దగ్గరికి విసిరాడు. దాన్ని కోసేసి, బండిలో ఉన్న మోకు తెచ్చి ఈ దారానికి కట్టు, మోకు నా దాకా వచ్చేలా నేను రీలు తిప్పి దారం చుట్టుకుంటా, మోకు రెండో కొస బండికి కట్టు అన్నాడు. మంచి ఉపాయమే. టైముంది. అరగంట ఉందనుకున్నా.

"జిగ్గు కోశాను. దారం కొస రాయి కింద పెట్టాను. జిగ్గు నా చేతిలో ఉంది. నా ముందు, ఇరవై అడుగుల్లో, నీళ్లు ఉడుకుతున్నట్టు చేపలు. తెల్లదానికే పడుతున్నాయి వదినా. నా దగ్గర తెల్లది లేదు. ఒక్కసారి విసిరి వెళ్దామనుకున్నా. నా దారానికి దాన్నే కట్టాను. ఒక్కసారి. పడలేదు. రెండోసారి. అన్న అరుస్తున్నాడు, తిడుతున్నాడనుకుని నవ్వాను. మూడోసారికి పడింది. నా జన్మలో అంత చేప చూడలేదు. వదలబుద్ధి కాలేదు. వదిలేసి మోకు కోసం పరిగెత్తాల్సింది. దాన్ని ఒడ్డుకు లాగి, తల తిప్పి చూసేసరికి రాయి మీద ఎవరూ లేరు.

"రాయి కింద పెట్టిన దారం పరిగెడుతోంది. పట్టుకున్నాను. ఈ చెయ్యి అప్పుడు తెగిందే. చేపని ఇసుకలోనే వదిలేశా, గల్ పక్షులు పీక్కుతిన్నాయి. దాని నోట్లోంచి తీసిన జిగ్గు జేబులో ఉండిపోయింది. సముద్రంలో పడేస్తే తిరిగొస్తుందని భయం. ఇంట్లో ఉంటే కనబడుతుందని భయం. ఏది అదో నాకే తెలియకూడదని డబ్బాలో ఉన్నవన్నిటికీ పసుపు వేశా, అన్నిటికీ ఒకేలా కట్టా. నీ వెంట్రుక సంగతి నాకేం తెలుసు?

"నువ్వడిగిందానికి జవాబు ఈ చేతికి తెలుసు వదినా. ఆ దారం అలలు లాగిన దారం కాదు. ఆగి ఆగి, రీలు తిప్పినట్టు ఒక్కో చుట్టూ లెక్కగా పోతోంది. మోకు కట్టాననే అనుకున్నాడు అన్న. ఆ నీళ్లలో పడి కూడా, మోకు వస్తోందనుకుని, నా చేతిలోంచి కొస జారిపోయేదాకా చుడుతూనే ఉన్నాడు."